వేదన కనుగొనబడలేదు

"గురువారం దాకా గీసుకోవడానికి వీల్లేదంటే వీల్లేదు. ఆ బ్లేడు ఇలా ఇవ్వండి."

"దురదెట్టేస్తంది భ్రమరా! ఆరు రోజులైంది. నిన్న షాపులో మోటారు విప్పుతుంటే చెమట పట్టి, గడ్డంలో చీమలు పాకినట్టుంది."

"చీమలు పాకినా పాములు పాకినా తనిఖీ అయ్యేదాకా ఓర్చుకోండి."

"పోనీ ఒక పక్క గీసుకుంటానే. కిటికీ వైపు పక్క జనానికి కనపడదు గదా!"

ఆదివారం పెరట్లో నూతి దగ్గర మొదలైన ఈ తగాదా మంగళవారానికి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. మంచం మీద పడుకుని నవల చదువుకుంటున్న అత్తగారు అచ్చాయమ్మ పుస్తకం దించకుండానే కలగజేసుకుంది.

"ఒరేయ్ తాతా, రాజవంశంలో పుట్టి వేదన పడేవాడు గడ్డం గీసుకుంటాడట్రా?"

"మనది రాజవంశం ఎప్పుడైందే అమ్మా?"

"పోయిన నెల. మీ ఆవిడ ఫారం నింపింది."

తాతారావు పకపకా నవ్వాడు. ఆ నవ్వే భ్రమరాంబ భయం. గురువారం నాడు ఆ నవ్వు గనక బయటికొస్తే, ఇరవయ్యేళ్ళుగా ఆమె తలుపులు తీసి, దుమ్ము దులిపి, చెదలు పట్టకుండా కాపాడుకొచ్చిన గ్రంథాలయం మూతపడుతుంది.

అసలీ గొడవకంతటికీ మూలం చారిత్రక ప్రేమ నవలలు.

గోదావరి కాలవ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి శాఖా గ్రంథాలయానికి పేపరు చదవడానికి పదిమంది మగవాళ్ళు వస్తారు, నవలల కోసం పాతిక ముప్ఫై మంది ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళు తక్కిన బీరువాల జోలికి పోరు. వాళ్ళకి కావలసింది ఒక కోట, ఆ కోట బురుజు మీద వానలో గొడుగు లేకుండా నిలబడే రాజకుమారుడు. అతని ఎడమ చెంప మీద కత్తిగాటు ఉండాలి. సొంత అన్నే పాలల్లో విషం కలిపి ఉండాలి. పదేళ్ళు చీకటి కొట్లో మగ్గి ఉండాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. నవ్వడమనేది అసలే కూడదు. శత్రురాజు కూతురు వచ్చి ఆ గాయానికి పసుపు అద్దేదాకా తనొక మనిషినన్న సంగతే అతనికి గుర్తు రాకూడదు.

"ఇందులో అబ్బాయి బాధపడతాడాండీ, ఊరికే యుద్ధాలు చేత్తాడా?" అని అడిగి మరీ పట్టుకెళ్ళేది టైలరు మంగతాయారు. ఊరికే యుద్ధాలు చేసేవాణ్ణి ఆవిడ మర్నాడే తెచ్చి బల్ల మీద పడేసేది.

ఇదంతా ఆ ఊరి గుట్టుగానే ఉండిపోయేది. కానీ పై కార్యాలయం వారు శాఖలన్నిటి రిజిస్టర్లూ తెప్పించుకుని పరిశీలించారు. నూటికి ఎనభై మూడు పుస్తకాలు బాధపడే రాకుమారులవేనని తేలింది. వెంటనే మొదటి ఉత్తర్వు వచ్చింది. ప్రతి నవలలోనూ నాయకుడు పడిన కష్టాలను లెక్కించి, ఫారం-ఏడులో పొందుపరచి, అట్ట మీద కత్తి గుర్తులు అంటించవలెను. మామూలు కష్టానికి ఒక కత్తి, ద్రోహానికి రెండు, కారాగారానికి మూడు.

భ్రమరాంబ నాలుగు నెలలు కూర్చుని నాలుగువందల పన్నెండు నవలల్లో కష్టాలు లెక్కపెట్టింది. గుర్రం చచ్చిపోతే అర కత్తి. తల్లి చిన్నతనంలోనే పోతే ఒకటి. మేనత్త బతికుండటం కష్టం కిందికి వస్తుందా రాదా అని రాతపూర్వకంగా అడిగితే, "సందర్భానుసారము నిర్ణయించుకొనవలెను" అని లెక్కలన్నీ అయిపోయాక ఎప్పటికో జవాబొచ్చింది. వందో పేజీ లోపల నవ్విన రాకుమారులందర్నీ మూటగట్టి జిల్లా కేంద్రానికి పంపెయ్యమన్నారు. పంపేసింది.

రెండో ఉత్తర్వు వచ్చినప్పుడు ఆమె దాన్ని మూడుసార్లు చదివింది.

"పాఠకురాండ్రు సదరు గ్రంథాలయములకు పుస్తకముల నిమిత్తము గాక, అందలి కథానాయకుల వేదన నిమిత్తము విచ్చేయుచున్నట్లు గణాంకముల ద్వారా నిరూపితమైనది. ప్రస్తుత సంవత్సరమునకు పుస్తకముల కొనుగోలు సాధ్యపడనందున, వేదనను పుస్తకముతో నిమిత్తము లేకుండా నేరుగా అందజేయుటకు నిర్ణయించడమైనది. కావున ప్రతి శాఖయందు మంగళ, గురువారములలో సాయంత్రము మూడు నుండి ఐదు గంటల వరకు వేదనాభరితుడైన ఒక పురుషుని కిటికీ వద్ద అందుబాటులో ఉంచవలెను. గౌరవ వేతనము లేదు. వేదన స్వచ్ఛందముగా ఉండవలెను."

భ్రమరాంబ ఊరంతా తిరిగింది. హెడ్మాస్టరుగారు తన వేదన కోర్టులో ఉంది కాబట్టి బయటపెట్టకూడదన్నారు. పోస్టుమాస్టరు తనకి తీరిక లేదన్నాడు. రిటైరైన గుమాస్తా ఒకాయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు గానీ, వచ్చిన రోజే తన నడుంనొప్పి గురించి రెండు గంటలు చెప్పాడు. వేదన ఉంటే చాలదు, దాచుకోవాలి. అది ఆ ఉత్తర్వులో మూడో నిబంధన. చివరికి మిగిలింది ఇంట్లో మనిషే.

తాతారావుకి బస్టాండు పక్కన మోటారు వైండింగు షాపు ఉంది. బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు, ఏది కాలిపోయినా విప్పి తీగ చుట్టి మళ్ళీ తిప్పుతాడు. కరెంటు పోయినా నవ్వుతాడు, వచ్చినా నవ్వుతాడు. ఊళ్ళో కాలని మోటారంటూ ఉంటే ఆయన నవ్వు విని తిరిగేదేనని అచ్చాయమ్మ అంటుంది. అటువంటి మనిషికి మండలాఫీసు నుంచి వేదన ధ్రువీకరణ పత్రం కావాలి.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచి విచారణ మొదలుపెట్టాడు.

"దరఖాస్తుదారుని సోదరులెవరైనా ద్రోహం తలపెట్టియున్నారా?"

"మా అన్నయ్య నిన్ననే పనసకాయ పంపేడండి."

"అది విషపూరితమా?"

"తియ్యగా ఉందండి. మీకూ నాలుగు తొనలు తెచ్చేను."

"తల్లి?"

"ఇంటికాడే ఉందండి. బానే ఉంది."

"యౌవనంలో ప్రేమించిన స్త్రీ ఎవరైనా..."

"ఉందండి."

ఇన్‌స్పెక్టరు ఆశగా కలం ఎత్తాడు. "ఆమె ఏమైనది?"

"ఏమవుద్దండీ, పెళ్ళి చేసుకున్నాను. ఇదిగో, పక్కనే కూచుంది."

ఇన్‌స్పెక్టరు తొన నములుతూనే రాశాడు. "క్షేత్రస్థాయి విచారణలో వేదన కనుగొనబడలేదు."

భ్రమరాంబ తహసీల్దారు దగ్గర అప్పీలు చేసుకుంది. ఆయన మంచివాడే. వేదనకి విడిగా పత్రం నమూనా లేనందున ఆదాయ ధ్రువీకరణ పత్రం మీదే "ఆదాయము" కొట్టేసి "వేదన" అని రాయించాడు. ఏడాదికి ఎంత అన్న గడిలో ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. చివరికి "మధ్యస్థము" అని రాసి ముద్ర కొట్టాడు. తాత్కాలికం, ఆరు నెలలు చెల్లుతుంది.

అలా తాతారావు నల్ల శాలువా కప్పుకుని కిటికీ పక్క కుర్చీలో కూచున్నాడు. మే నెల. శాలువా తియ్యడానికి లేదు. నాటకాల వాళ్ళ దగ్గర అద్దెకి తెచ్చిన కత్తి ఒళ్ళో ఉంది. చెంప మీద గాటు అమ్మాయి నీరజ కాటుకతో గీసింది. బళ్ళో బొమ్మలు నేర్పే పిల్ల కాబట్టి బాగానే కుదిరింది గానీ, చెమటకి కారి మెడ దాకా వచ్చేది.

మొదటి రోజు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి దూరం నుంచి చూసి వెళ్ళారు. రెండో రోజు పదకొండుమంది. మూడో వారానికి కుర్చీలు చాలక సత్రం నుంచి చాపలు తెప్పించారు. ఆ మనిషిని వాళ్ళు ఇరవయ్యేళ్ళ నుంచి ఎరుగుదురు. అందరి మిక్సీలూ ఆయన చేతిలో పడ్డవే. అయినా మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తుంటే, వాళ్ళు అలాగే చూస్తూ కూచునేవారు.

"ఏంటండీ మంగతాయారుగారూ, ఆయన సంగతి మీకు తెలియందా?" అంది భ్రమరాంబ ఒకరోజు, కొంచెం విసుగ్గానే.

మంగతాయారు గుండీలు కుట్టే పని తెచ్చుకుని మరీ కూచుంది. సూదిలో దారం ఎక్కిస్తూ అంది. "బాధంటే సరదా ఏంటండీ ఎవరికైనా? పుస్తకంలో రాజు రెండొందల పేజీ కాడైనా నోరు తెరిచి చెప్తాడు, నాకిదీ కష్టవని. ఆ పేజీ కోసవే చదూతాను నేను. మా ఆయన్తో ఇరవై రెండేళ్ళ కాపరం. ఇంకా రెండొందల పేజీ రాలేదు."

భ్రమరాంబ రిజిస్టరు తెరిచి ఆ పూట సంతకాలు లెక్కపెట్టింది.

పథకం అద్భుత విజయం సాధించిందని పై కార్యాలయం ప్రకటించింది. చిక్కులు కూడా వచ్చాయి. ఒక శాఖలో పొరపాటున ఇద్దరు నాయకుల్ని నియమించారు. ఎవరి వేదన సీనియరో తేల్చమని ఇద్దరూ పిటిషన్లు పెట్టారు. ఇంకో శాఖలో ఓ పాఠకురాలు నాయకుడికి రోజూ పెసరట్లు తెచ్చిపెడితే, నెల తిరక్కుండా కోలుకుని కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అక్కడ పాఠకుల సంఖ్య మూడుకి పడిపోయింది. దానితో మూడో ఉత్తర్వు వచ్చింది. నాయకులు పాఠకుల ఎదుట భుజించరాదు. నవ్వరాదు. నాయకుడు కోలుకున్నట్లు తనిఖీలో తేలినచో సదరు శాఖను అదే దినమున మూసివేయవలెను.

ఆ తనిఖీకే సంయుక్త సంచాలకులు డాక్టర్ వేదాచలంగారు గురువారం నాడు వస్తున్నారు. నాయకుడు తన రహస్య వేదనను తనిఖీ అధికారికి వెల్లడించాలి గనక, అన్నగారి విషం గురించి భ్రమరాంబ రెండు పేజీలు రాసి ఇచ్చింది. తాతారావు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "కళ్ళజోడు షాపులో మర్చిపోయానమ్మా, నువ్వు చదువు" అని నీరజకి ఇచ్చాడు. నీరజ నాలుగుసార్లు చదివింది. తాతారావుకి అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది.

"చూశావా వాడి జ్ఞాపకం!" అంది అచ్చాయమ్మ. అని ఎందుకో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

వేదాచలంగారు సరిగ్గా మూడున్నరకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడలో కండువాతో ఉన్నారు. చేతిలో పద్దెనిమిది అంశాల పట్టిక. చాపల మీద నలభైమంది ఆడవాళ్ళు సర్దుకుని దారి ఇచ్చారు. ఆయన తాతారావు పక్కన వంగి, అతను చూస్తున్న వైపే చూశారు.

"దృష్టి ఎచ్చట ఉన్నది?"

"బడ్డీకొట్టు మీదుందండి."

"దిగంతము మీద ఉండవలెను."

"దిగంతానికి ఆ కొట్టు అడ్డవండి."

"అంశం నాలుగు, పాక్షికము" అని రాసుకున్నారు. గడ్డం వేలితో తాకి, "సంతృప్తికరము" అన్నారు. నిట్టూర్పు విడవమన్నారు. తాతారావు విడిచాడు. ఎదురుగా ఉన్న పేపరు ఎగిరింది. "అధికము. అయినను సంతృప్తికరము."

పదిహేడు అంశాలు గట్టెక్కాయి. భ్రమరాంబ బల్ల వెనక చీర కొంగు మెలితిప్పుతూ నిలబడింది.

"అంశం పద్దెనిమిది, రహస్య వెల్లడి" అంటూ వేదాచలంగారు సంచిలోంచి ఒక అట్టకాగితం తీశారు. "వివిధ శాఖలలో వివిధ రహస్యములు ఉండుట వలన పరిపాలనాపరమైన అసౌకర్యము కలుగుచున్నది. కావున నిన్నటి నుండి అన్ని శాఖలకును ఏకరూప రహస్యము ప్రవేశపెట్టడమైనది. దీనిని పైకి చదవవలెను."

తాతారావు అట్ట అందుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

"కళ్ళజోడు మర్చిపోయేనండి."

"ఇదిగో, నాది ధరించండి."

ధరించాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. చెంప మీది కాటుక గాటు కారి గడ్డంలోకి దిగింది. ఇంతకాలానికి నిజమైన వేదన కనబడింది కాబోలని వేదాచలంగారు మెచ్చుకోలుగా తల పంకించారు.

తాతారావు కళ్ళజోడు తీసి, జాగ్రత్తగా మడిచి ఇచ్చేశాడు.

"నాకు రాదండి."

"ఏమి రాదు?"

"చదవడం."

భ్రమరాంబ చేతిలోని కొంగు జారిపోయింది.

"మా నాన్న పోయేక మూడో తరగతిలో మానేసేనండి. మోటార్ల కాడ చేరిపోయేను. అక్షరాలు వచ్చండి, బస్సు బోర్డులు చదూతాను, సంతకం చేత్తాను. ఒత్తులొచ్చేసరికి ఆగిపోతాను. నాలుగో వరసకొచ్చేటప్పటికి మొదటి వరస మర్చిపోతాను. పెళ్ళిచూపుల్లో ఈవిడ పుస్తకాలంటే ప్రాణం అంది. పది పాసైనట్టు చెప్పేమండి. అప్పట్నుంచీ..." అని ఆగి, భార్య వైపు చూడకుండా బడ్డీకొట్టు వైపు చూశాడు. "అప్పట్నుంచీ ఇరవయ్యారేళ్ళుగా కళ్ళజోడు మర్చిపోతూనే ఉన్నానండి."

రోజూ సాయంత్రం ఆమె తెచ్చిన నవల అందుకుని అట్ట మీది బొమ్మ చూసి, "కథ నువ్వు చెప్పు భ్రమరా, నువ్వు చెప్తేనే బావుంటుంది" అనేవాడు. ఆమె చెప్పేది. అది ప్రేమ అనుకుంది. కాదనడానికి ఇప్పుడు కూడా ఆధారమేమీ దొరకలేదామెకి. నాలుగువందల పన్నెండు పుస్తకాల్లో చచ్చిపోయిన గుర్రాలకి కూడా లెక్క రాసింది గానీ, కళ్ళజోడు ఎందుకు అన్నిసార్లు షాపులో ఉండిపోతోందని ఒక్కసారి అడగలేదు.

వేదాచలంగారు గొంతు సవరించుకున్నారు. "చూడండి. నిరక్షరాస్యత వయోజన విద్యా శాఖ పరిధిలోనిది. మా శాఖ ఆమోదించిన వేదనల జాబితాలో లేదు. కత్తి, విషము, కారాగారము, గుర్రము. అంతవరకే. కావున అంశం పద్దెనిమిది, వేదన కనుగొనబడలేదు."

తాతారావు ఒక నిమిషం ఆయన మొహంలోకి చూశాడు. గుండెల మీంచి ఏదో దిగిపోయిన వాడిలా వెనక్కి వాలి, కుర్చీ కిర్రుమనేలా నవ్వేశాడు. కత్తి ఒళ్ళోంచి జారి గచ్చు మీద ఖంగుమంది.

వేదాచలంగారు గడియారం చూసుకున్నారు. "నవ్వు. సమయము నాలుగు గంటల పదిహేడు నిమిషములు. నాయకుడు కోలుకున్నాడు. శాఖను నేటి నుండి మూసివేయవలెను. తాళములు ఇవ్వండమ్మా."

భ్రమరాంబ చెయ్యి తాళాల గుత్తి మీదికి వెళ్ళింది. కళ్ళు మాత్రం ఇంకా కిటికీ పక్క కుర్చీ మీదే ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ" అంటూ మంగతాయారు చాప మీంచి లేచింది. "ఆయనకి బాధ లేదని ఇప్పుడే గదండీ రాసేరు?"

"అవును. పద్దెనిమిదవ అంశము క్రింద."

"మరి లేని బాధలోంచి ఎలా కోలుకుంటాడండీ?"

వేదాచలంగారు పట్టిక పైనుంచి కిందికి చదివారు. కింది నుంచి పైకి చదివారు. వేదన లేనిది కోలుకున్నట్లు రాయడానికి లేదు. కోలుకున్నట్లు రాస్తే వేదన ఉన్నట్లు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆమోదం లేని వేదనను ఆమోదించినట్లవుతుంది. నలభైమంది ఆయన్నే చూస్తున్నారు. ఎవరో విసనకర్ర ఇచ్చారు. విసురుకున్నారు.

"ఇది విధానపరమైన అంశము" అన్నారు చివరికి. "స్పష్టత కొరకు పై అధికారులకు నివేదించబడును. స్పష్టత వచ్చువరకు యథాతథ స్థితి. శాఖ మూసివేయరాదు. నాయకుడు నిర్ణీత వేళలలో కుర్చీయందే కొనసాగవలెను. ఈ మధ్యకాలమున ఆయన వేదన పడరాదు, కోలుకోనూరాదు."

"మరేం చెయ్యాలండీ?" అన్నాడు తాతారావు.

"ఏమియు చేయరాదు. కూర్చొనవలెను."

మేనత్త గురించి స్పష్టత రావడానికి పదకొండు నెలలు పట్టిన సంగతి భ్రమరాంబకి తెలుసు. ఇది అంతకన్నా పెద్ద ప్రశ్న. వేదాచలంగారు జీపెక్కి వెళ్ళిపోయారు. మంగతాయారు గుండీలూ దారమూ సంచిలో పడేసుకుంది. "ఐదు కాలేదు గదా, అప్పుడే వెళ్తున్నారే?" అని భ్రమరాంబ అడిగితే, "మా ఆయన్ని ఓ మాట అడగాలండీ" అని గబగబా మెట్లు దిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ భోజనాలకి కూచున్నారు. భ్రమరాంబ వంకాయ కూర వడ్డించింది. భర్తకి రెండోసారి వడ్డించబోయి, గరిటె గిన్నెలోనే పెట్టేసింది.

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబుదావనే అనుకున్నాను. నువ్వు కథ మొదలెట్టేసేదానివి."

అచ్చాయమ్మ కంచంలో వేళ్ళు ఆడిస్తూ అంది. "వాణ్ణేం అనకమ్మాయ్. బడి మానిపించింది నేను. పది పాసని చెప్పిందీ నేనే. అన్ని పుస్తకాలు చదివిన పిల్ల ఒప్పుకోదేమోనని." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఈ మాట నేను చెప్పాలని అప్పట్నుంచీ..."

"ఈ ఇంట్లో ఇంకా ఎవరికైనా రహస్యాలున్నాయా? ఉంటే పెరుగులోకి రాకముందే చెప్పెయ్యండి" అంది నీరజ. అచ్చాయమ్మ ఏడుస్తూనే నవ్వింది.

తాతారావు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. తల్లినీ, కూతుర్నీ, ఆఖర్న భార్యనీ చూశాడు.

"వచ్చే మంగళవారం నుంచి ఆ కుర్చీలో ఊరికే కూచోను. పుస్తకం పట్టుకుని చదూతాను. పైకి, అందరూ వినేటట్టు" అన్నాడు నెమ్మదిగా. "ఒత్తులొచ్చిన కాడ ఆగుతాను. ఎంతసేపైనా ఆగుతాను. మీరెవరూ అందించకూడదు."